ఎదురు సొమ్మిచ్చి చాకిరీ!

పని చేసినవాడికి కూలి ఇవ్వడం లోకరీతి. నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయేవాడు మాత్రం పని కోసం ముందే సొమ్ము కట్టాలి. ఆ సొమ్ము మిత్తికి తెచ్చిన అప్పు, కుదువపెట్టిన పుస్తెలతాడు. ఈ దోపిడీ చాటుమాటుగా కాదు, అందరి కళ్లముందే సాగుతోంది.

చట్టం లేక కాదు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ కొలువులకు మనుషులను పంపేవారు కేంద్రం వద్ద రిజిస్టరు కావాలి. సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప పైసా ఎక్కువ తీసుకోరాదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సూ లేదు, రసీదు పుస్తకమూ లేదు. తెలిసినవాడే, ఒక్కోసారి చుట్టమే. అందుకే నోటిమాట మీద నోట్ల కట్టలు చేతులు మారుతున్నాయి.

దీనికి విజిట్ వీసా మోసం తోడైంది. పదో తరగతి పాసవనివారు గల్ఫ్‌లో పనికి పోవాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. దానితోపాటే జీతం రాసిన ఒప్పందం, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వస్తాయి. ఆ బీమాకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలే. విజిట్ వీసా మీద ఎక్కించేస్తే ఇవేవీ ఉండవు. దుబాయిలో దిగాక పని చూపిస్తామంటూ ఇరుకు గదిలో కూర్చోబెడతారు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఇక అతడు ఖల్లివెల్లి, అంటే చట్టం లెక్కలో లేని పనివాడు. ఇచ్చింది పుచ్చుకోవాలి, కూలి ఎగ్గొట్టినా ఠాణా మెట్లెక్కలేడు.

ఇంతటి మోసానికి 1983 చట్టంలో శిక్ష రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా! దాని స్థానంలో 2019లో, 2021లో ముసాయిదా బిల్లులు తెచ్చారు. రెండూ చట్టం కాలేదు. పని చూపినందుకు కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయరాదన్న సూత్రాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే 181వ ఒడంబడికలో రాసింది. మనం ఇప్పటికీ ఆ మాట దాకా రాలేదు.

జిల్లాలోని బోధన్ సంగతి మరీ బాధాకరం. 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ ఈ ప్రాంతానికి తిండి పెట్టింది. 2002లో మెజారిటీ వాటాను ప్రైవేటుకు కట్టబెట్టారు. 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. వలస అంతకుముందూ ఉంది. కానీ చెరుకు కొట్టే కూలీకి, క్రషింగ్ సీజనుపై బతికే కార్మికుడికి ఉన్న ఊళ్లో ఆధారం పోయింది. అలాంటి ఇంటి ముందే ఏజెంటు వచ్చి కూర్చుంటాడు. ఫ్యాక్టరీ తెరిపిస్తామని ఎన్నికల సభల్లో ఇచ్చిన హామీ ఏళ్ల తరబడి నెరవేరలేదు.

లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితాను ప్రతి గ్రామపంచాయతీ గోడమీద రాయించాలి. ఏజెంట్లపై కేసులను పెద్దమనుషుల పంచాయితీలో రాజీకి వదలక కోర్టు దాకా నడపాలి. హైదరాబాద్‌లోని సంరక్షణాధికారి కార్యాలయానికి నిజామాబాద్‌లో శాఖ తెరవాలి. విదేశీ కొలువులకు మనుషులను పంపే రాష్ట్రం సొంత సంస్థ టామ్‌కామ్ బోధన్‌లోనే ఎంపికలు జరపాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్రం 5 లక్షలు ఇస్తోంది, అది మంచిపనే. అయితే ఆ మనిషి బతికుండగా, విమానం ఎక్కకముందే కాపాడడం సర్కారు మొదటి బాధ్యత. అందులో తప్పినందుకు కేంద్రం, రాష్ట్రం రెండూ ప్రజలకు జవాబు చెప్పాలి.