సాత్‌బారా చూసుకునుడు మన పనే



గుడ్లు తెచ్చిన నాటి నుంచి పురుగును పూటపూటకూ చూస్తాం. భూమి కాగితాన్ని మాత్రం అర్జీ పెట్టే రోజు దాకా చూడం. మల్బరీ తోటకో, షెడ్డుకో సాయం అడగబోతే మొదట అడిగేవి సాత్‌బారా, ఎనిమిది-అ. ఆ రోజు తప్పు బయటపడితే ఆ ఏడు చేజారినట్టే. అందుకే ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, దసరా తర్వాత, ఎవరి రికార్డు వాళ్లు ఫోన్‌లో చూసుకోవాలని మేము అంటున్నాం.

మహాభూలేఖ్‌లో చూస్తే పైసా ఖర్చు లేదు. అది తెలుసుకోవడానికే. ఆఫీసులో చెల్లాలంటే డిజిటల్ సంతకం ఉన్న నకలు తీసుకోవాలి, దానికి 15 రూపాయలు. ఏడో నమూనాలో యజమాని పేరు, పన్నెండులో పంట, ఎనిమిది-అలో మన ఖాతా భూమంతా, దాని శిస్తు ఉంటాయి. మల్బరీ ఉన్న చోట వేరే పంట రాసి ఉందా చూడండి. 2021 నుంచి ఈ-పీక్ పాహణీ యాప్‌లో ఫోటో తీసి పంటను మనమే ఎక్కించవచ్చు.

మన దగ్గర అసలు చిక్కు పేర్లతోనే. మనం ఇంటిపేరు ముందు చెప్తాం, మరాఠీ రికార్డులో అది చివర ఉంటుంది. 'అయ్య', 'అక్క' ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా రాస్తారు. పేరుతో దొరకకపోతే గట్ నంబరుతో వెతకండి. ఆధార్‌లో పేరుతో పోల్చండి. రాతతప్పు ఉంటే మహారాష్ట్ర భూమి శిస్తు చట్టం 155వ సెక్షన్ కింద తహసీల్దారుకు అర్జీ పెట్టవచ్చు. 'ఆప్లీ చావడి'లో ఫేర్‌ఫార్ నోటీసులు కూడా కనిపిస్తాయి. మన భూమి మీద ఎవరైనా మార్పు అడిగితే గడువులోనే అభ్యంతరం చెప్పవచ్చు.

దసలి పెంచేవాళ్లం నల్లమద్ది అడవిని నమ్ముకున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన హక్కును రెవెన్యూ, అటవీ రికార్డుల్లో ఎక్కించాలని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. పట్టా పెట్టెలో ఉంటే సరిపోదు, రికార్డులో ఎక్కిందా లేదా అడగాలి.

గోదావరి అవతల మన చుట్టాలను అడిగితే తెలుస్తుంది. 2020లో ధరణి వచ్చింది. రికార్డు తెర మీద కనిపించింది గానీ తప్పు దిద్దించుకోవడానికి జనం తిరగాల్సి వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి తెచ్చారు. తెర మీద చూపించినంత మాత్రాన సర్కారు పని అయిపోదు. సిరొంచ తహసీల్‌లో గ్రామాల వారీగా పేర్లు దిద్దే శిబిరాలు పెట్టాలి, తెలుగు చదవగలిగిన మనిషిని అక్కడ కూర్చోబెట్టాలి. ఇది మా డిమాండ్.

అయితే ఏది తప్పో చూపించాల్సింది మనమే. ఫోన్ లేని ముసలివాళ్లవి, ఒంటరి ఆడవాళ్లవి ఊరి పిల్లలు చూసి పెట్టండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.