స్లాబు పడింది సరే, తర్వాత?

పులివెందులలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిని 2024 మార్చి 11న ప్రారంభించారు. సుమారు 500 కోట్ల రూపాయల పని. అదే కడప జిల్లాలోని వేంపల్లె నుంచి పాతిక కిలోమీటర్ల దూరం. ఆ ఏడాదే 50 ఎంబీబీఎస్ సీట్లకు జాతీయ వైద్య కమిషన్ అనుమతి ఇచ్చింది. అధ్యాపకులు చాలరు, వసతులు పూర్తికాలేదు, ఇలా తరగతులు నడపలేం అంటూ కొత్తగా వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం ఆ సీట్లు వద్దంది. అదే ఏడాది, అన్నే సీట్లతో, అల్లూరి జిల్లా పాడేరులో మాత్రం కాలేజీ మొదలైంది. 2025లో పులివెందులతో సహా పది కాలేజీలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలోకి మార్చాలని నిర్ణయించాక గొడవంతా ఎవరు కట్టారు, ఎవరు అమ్ముతున్నారు అనే దగ్గరికి చేరింది. ఒక పక్షం భవనాలు చూపిస్తుంది. ఇంకో పక్షం ఖాళీలు చూపిస్తుంది. చూసేవాడికి రెండూ కనిపిస్తూనే ఉంటాయి.

పార్టీలను పక్కన పెడితే ఇది పద్దుల చిక్కు. ఆసుపత్రి కట్టించేది వైద్య మౌలిక వసతుల సంస్థ. అందుకు డబ్బు నాబార్డు అప్పుగానో కేంద్ర సాయంగానో వస్తుంది. లోపల పనిచేయాల్సిన డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఊడ్చే ఆయమ్మ, వీళ్ల పోస్టులకు ఆర్థిక శాఖ వేరే ఉత్తర్వు ఇవ్వాలి. గోడలకు అప్పు పుడుతుంది, నెల జీతాలకు పుట్టదు. అందుకే ఏ ప్రభుత్వమొచ్చినా కట్టడం దాకా హుషారు, నడపడం దగ్గర నీరసం. శిలాఫలకం మీద పేరు పడేది మొదటిదానికే మరి.

రెండూ కలిసొస్తే ఏమవుతుందో వేంపల్లె మండలంలోనే చూడొచ్చు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో బాసర, నూజివీడులతో పాటు మొదలైంది. పదో తరగతి పాసైన పల్లె పిల్లలను తీసుకుని, ఆరేళ్లు హాస్టల్లో పెట్టి, ఇంజినీర్లను చేసి పంపడం దాని పని. భవనాలు పూర్తయ్యేదాకా ఎవరూ ఆగలేదు. చట్టం, సీట్లు, మెస్సు, జీతాలు కలిసే వచ్చాయి. అధ్యాపకుల కొరత, పిల్లల ధర్నాలు లేవని కాదు, ఉన్నాయి. అయినా బడి నడిచింది. ఎంతగా నడిచిందంటే, 2016లో ఒంగోలుకు ట్రిపుల్ ఐటీ ఇచ్చి అక్కడ భవనాలు కట్టలేకపోతే, ఆ పేరుతో చేరిన పిల్లలు ఏళ్ల తరబడి ఇడుపులపాయలోనే చదువుకున్నారు. పులివెందులలో ఇల్లుండి కాపురం లేదు, ఒంగోలుకు కాపురముండి ఇల్లు లేదు. ఏది మేలని అడిగితే రెండోదే అనాలి. ఆ పిల్లలకు కనీసం డిగ్రీ చేతికొచ్చింది.

బడుల సంగతి కొంచెం వేరు. ప్రభుత్వ బడులను బాగుచేసే ‘నాడు-నేడు’ పథకం 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైంది. తొలి విడతలో 15,715 బడులు, దాదాపు 3,669 కోట్లు. పనులను కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీల చేతిలో పెట్టడం అందులో మెచ్చుకోవలసిన సంగతి. సిమెంటు బస్తా దిగితే లెక్కపెట్టుకునేది ఆ బడిలో చదివే పిల్ల అమ్మే. కానీ దీనికంటే గట్టి ఆలోచన ఇంకొకటి ఉంది, దాని గురించి తక్కువ మంది మాట్లాడారు. 2021 జనవరిలో, పిల్లల్ని బడికి పంపే తల్లులకు అమ్మఒడి కింద ఇచ్చే 15 వేలల్లోంచి వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకని పట్టుకున్నారు. మరుసటి విడతలో బడి నిర్వహణకని ఇంకో వెయ్యి పోయింది. ‘ఇచ్చే చేత్తోనే గుంజుకున్నారు’ అని తిట్టినవాళ్లున్నారు. తిట్టులో న్యాయం ఉంది, ఆ డబ్బు సర్కారే పెట్టుకోవాల్సింది. కానీ మరుగుదొడ్డి కట్టడం వేరు, రోజూ కడగడం వేరు, రెండోదానికీ ఒక మనిషి, ఒక జీతం కావాలని ప్రభుత్వ పద్దులో రాసుకున్న అరుదైన సందర్భం అది. నెలకు ఆరు వేల రూపాయలకు ఆయమ్మను పెట్టారు. అది చాలా తక్కువ. ఆ తక్కువకే ఆడపిల్లలు మధ్యాహ్నం బడి మాని ఇంటికి పోవాల్సిన అవసరం తగ్గింది.

రెండో విడతకు వచ్చేసరికి పాత కథే. అదనపు గదులు చాలాచోట్ల పిల్లర్ల దగ్గర, స్లాబు దగ్గర ఆగాయి. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, ఆకాశానికేసి చూస్తున్న ఇనుప చువ్వలకు తుప్పు పట్టింది.

ఎలా కడుతున్నారన్నదీ అడగాలి. కడప జిల్లా అంటేనే రాయి. నాపబండ ఇక్కడి నుంచి ఎన్నో ఊళ్ల వంటిళ్లకు పోతుంది. వేంపల్లె పేరునైతే భూగర్భ శాస్త్రజ్ఞులు ఏకంగా ఒక రాతి పొరకే పెట్టుకున్నారు, పక్కన తుమ్మలపల్లెలో యురేనియం తవ్వేది ఆ పొరలోంచే. ఇంత రాయి పెట్టుకుని, వేసవిలో 43, 44 డిగ్రీలు కాసే ఊళ్లో, కోస్తాలో గీసిన నక్షాతోనే బడి కడతారు. పలచటి గోడ, తక్కువ ఎత్తు, మీద ఎండకు కాగే కాంక్రీటు. పాత మట్టిమిద్దెలో మూరెడు మందం రాతిగోడ, పైన చౌడుమట్టి, వెలుగుకూ గాలికీ నడిమిద్దెలో గవాచి ఉండేవి. మళ్లీ మట్టిమిద్దెలు కట్టమని ఎవరూ అనరు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే ఎండదేశంలో, గాండో అనే పల్లెలో ఫ్రాన్సిస్ కేరే కట్టిన బడి చూస్తే చాలు. ఊరి మట్టితోనే ఇటుకలు చేసి, గది పైకప్పుకు ఎత్తుగా ఇంకో రేకుల కప్పు లేపాడు. వేడి గాలి ఆ సందులోంచి పోతుంది, కింద పిల్లలకు ఏసీ అక్కర్లేదు. ఊరి జనమే రాళ్లు మోశారు. 2001లో కట్టిన ఆ బడికి 2004లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది, 2022లో ఆ ఆర్కిటెక్టుకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. మన ఇంజినీరింగ్ శాఖలో రాయలసీమకని వేరే నక్షా ఒకటి ఉంటే ఎవరి సొమ్మూ పోదు.

బడి, ఆసుపత్రి అయ్యాయి. ఇక ముసలివాళ్లు.

కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊరు వెతకాల్సిందే. మిగిలిన పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో ఉంటారు. ఇంట్లో అవ్వ, తాత, ఒక ఫోను. డబ్బు రావడం లేదని కాదు. కొడుకు పంపుతాడు. 2024 జులై నుంచి పింఛను నాలుగు వేలయింది, ఒకటో తేదీ పొద్దున్నే ఇంటికొచ్చి ఇచ్చిపోతారు. నాలుగు వేలు చేతిలో ఉన్న అవ్వ షుగరు పరీక్షకు కడపలోని రిమ్స్ ఆసుపత్రికి పోవాలంటే పరగడుపున బస్సెక్కాలి. కడపకు గంటకు పైగా ప్రయాణం. అక్కడ ఓపీ చీటీకి ఒక వరస, రక్తానికి ఒక వరస. ఇడ్లీ నోట్లో పడేసరికి పదకొండు దాటుతుంది, ఈలోగా కళ్లు తిరిగి పడిపోతే అది ఇంకో జబ్బు. ప్రయాణం తప్పించి ఊళ్లోనే ఆసుపత్రికి పోయినా నున్నటి టైల్స్ మీద తడి ఉంటే గుండె గుభేల్. ఈ వయసులో తుంటి విరిగితే చాలామంది మళ్లీ నడవరు. మరుగుదొడ్డి గోడకు పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ బిగించడానికి వందల రూపాయలు చాలు. వందల కోట్ల అంచనాల్లో ఆ కడ్డీ ఎందుకో మరిచిపోతారు.

చట్టం ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007. దిక్కులేని వృద్ధులు కనీసం 150 మంది ఉండేలా జిల్లాకొక ఆశ్రమమైనా పెట్టడానికి అది రాష్ట్రాలకు వీలు కల్పించింది, గడువు మాత్రం పెట్టలేదు. గడువు లేని పని ఎప్పుడవుతుందో తెలిసిందే. అయితే ఆ 150 మంచాల ఆశ్రమం రేపే కట్టినా వేంపల్లె అవ్వకు పెద్దగా ఒరిగేదేం లేదు. ఆమెకు దిక్కు ఉంది, కాకపోతే దూరంగా ఉంది. అమ్మను ఆశ్రమంలో పెట్టాడని అనిపించుకోవడానికి కువైట్‌లో ఉన్న కొడుకు ఒప్పుకోడు, సొంత మంచం వదలడానికి ఆమె ఒప్పుకోదు. ఆమెకు కావాల్సింది పగలంతా కూర్చోవడానికి ఒక చోటు.

కేరళలో దీన్ని పకల్‌వీడు, అంటే పగటి ఇల్లు, అంటారు. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోయే ఏర్పాటు, పంచాయతీలు నడుపుతాయి. వేంపల్లె లాంటి పెద్ద పంచాయతీకి ముప్పై మంది పట్టే ఒక్క హాలు చాలు. మెట్లు లేని గడప, ముందు ఒక వసారా, రెండు మంచాలు, కడ్డీ ఉన్న మరుగుదొడ్డి. మధ్యాహ్నం భోజనం పక్కన బడిలో వండుతూనే ఉన్నారు, ఇంకో ముప్పై ప్లేట్లు పెద్ద లెక్క కాదు. ఊరూరూ తిరిగే 104 వైద్య వాహనం వచ్చిన రోజు అక్కడే ఆగుతుంది, అవ్వకు రక్తం అక్కడే తీస్తారు, పరగడుపు బస్సు ప్రయాణం తప్పుతుంది. బడుల విలీనాల పుణ్యమా అని పిల్లలు తగ్గి ఖాళీ పడ్డ గదులు దొరికే చోట కొత్త భవనం కూడా అక్కర్లేదు.

నడిపే డబ్బు ఎక్కడిది అంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది. భవనం లేని ఉపకేంద్రాలకు భవనాలు అందులో ఒక ముఖ్య పద్దు. మళ్లీ గోడలే. నడపడానికి నమ్మకమైన రాబడి లేకపోతే ఏమవుతుందో పక్క జిల్లా చూపింది. 2025లో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థకు విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడ్డప్పుడు అనంతపురం జనం రోడ్డెక్కారు. బత్తలపల్లిలో ఆ సంస్థ నడిపే ఆసుపత్రి గోడలు ఎవరూ ఎత్తుకుపోరు, లోపల డాక్టరు ఉండడేమోనని వాళ్ల భయం. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిని జనం తరతరాలుగా తలుచుకునేది కూడా అక్కడ దొరికిన వైద్యం కోసమే.

కాబట్టి కొత్త భవనానికి పరిపాలనా అనుమతి ఇచ్చే కాగితం మీదే మూడు సంగతులు ఉండాలి: పదేళ్ల నిర్వహణ ఖర్చు, మంజూరైన పోస్టుల జాబితా, ఆ పోస్టులు నిండాల్సిన తేదీ. అవి లేని అంచనాను ఆర్థిక శాఖ వెనక్కి పంపాలి. ప్రారంభోత్సవం తేదీ కూడా మార్చుకోవచ్చు, మొదటి రోగికి చీటీ రాసిన రోజునో మొదటి తరగతి జరిగిన రోజునో పెట్టుకుంటే సరి. పులివెందుల కాలేజీని ప్రభుత్వమే నడుపుతుందా, ప్రైవేటు వాళ్లకు ఇస్తుందా అనే తగువు ఎటు తేలినా, ఈ మూడు సంగతులూ ఒప్పందంలో ఉన్నాయా లేవా అని వేంపల్లె వాళ్లు అడగాలి. పగటి ఇంటికి మాత్రం వాళ్లు అమరావతి దాకా పోనక్కర్లేదు. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం, ఖాళీగా ఉన్న ఒక గది, పంచాయతీ బడ్జెట్‌లో ఒక ఆయమ్మ జీతం ఉంటే మొదలుపెట్టొచ్చు.