ఈతకు మించిన లోతు

“ఈతకు మించిన లోతు లేదు” అని మన పెద్దలు ఒక మాట అన్నారు. ఈత వచ్చినవాడికి కింద రెండు నిలువుల నీళ్ళున్నా ఒకటే, ఇరవై నిలువులున్నా ఒకటే అని భావం. పైన తేలేవాడి వరకు ఈ మాట అక్షరాలా నిజం. మునిగేవాడి సంగతి మాత్రం వేరు. అతనికి ప్రతి నిలువుకూ ఒక లెక్క ఉంది. ఆ లెక్క చెప్పుదామనే ఈ వారం కలం పట్టాను.

“కడపవాడికి నీళ్ళలో మునిగే లెక్కలెందుకయ్యా? మీ వైపు బిందె మునిగితే చాలదూ?” అని కోస్తా మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. మా సీమలో దేవుడే మునుగుతాడు. శ్రీశైలం జలాశయం నిండిందంటే సంగమేశ్వరుడు గుడితో సహా నీళ్ళ కిందికి వెళ్ళిపోయి, మళ్ళీ నీరు బాగా తీసిన తరువాత గాని దర్శనమివ్వడు. ఇక మహానంది కోనేరు చూడండి. అడుగున పడ్డ నాణెం పైకి కనిపిస్తుంది. ఆ నీరు ఎండాకాలం చల్లగానూ, చలికాలం గోరువెచ్చగానూ తగులుతుందని అందరూ ఆశ్చర్యపోతారు. నిజానికి భూమి లోపలినుంచి ఊరే నీటి వేడి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే. మారేది బయటి గాలి, దానితో పాటు మన ఒళ్ళు.

చల్లనీళ్ళంటే నాకు తెలిసింది మొన్న మొన్నటిదాకా అంతే. నడి వయసులో బుద్ధి పుట్టి, అండమానులోని స్వరాజ్ ద్వీపానికి వెళ్ళి స్కూబా విద్య నేర్చుకుని సర్టిఫికెట్టు పుచ్చుకున్నాను. వీపున సిలిండరు, నోట గొట్టం, కాళ్ళకు బాతు పాదాలు. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మనం పీల్చే మామూలు గాలే. గట్టిగా అణచి కూరిస్తారు. మునిగేవాడు ఎంత పీలిస్తే అంతే, ఆ లోతుకు తగిన ఒత్తిడితో గాలినిచ్చే సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఈ వినోదమంతా దాని చలవే.

నా సర్టిఫికెట్టు మొదటి మెట్టుది. 18 మీటర్లు దాటరాదు; తోడు లేకుండా దిగరాదు; నేర్చుకున్న చోటువంటి నీళ్ళలోనే, లేదా అంతకన్న సులువైన నీళ్ళలోనే దిగాలి. డ్రైవింగు లైసెన్సు చేతికొచ్చిన మర్నాడే కొండదారిలో బస్సు నడపమని ఎవరూ అనరుగదా!

ఆ మాట గుర్తుంచుకునే, కిందటేడు సెలవుల్లో కాలిఫోర్నియాలో మా అక్కగారింటికి వెళ్ళినప్పుడు, మాంటెరే సముద్రంలో దిగడానికి అక్కడి నీళ్ళు తెలిసిన శిక్షకుణ్ణి వెంట పెట్టుకున్నాము. నాకు జోడీ మా మేనకోడలు. వయసులో నాకంటే పాతికేళ్ళు చిన్న; ఈ విద్యలో నాకంటే రెండేళ్ళు పెద్ద.

అండమాను నీళ్ళు స్నానానికి తొలిపిన నీళ్ళలా ఉంటాయి. మాంటెరేలో 12 డిగ్రీలు! పైన ఎండ కాస్తూనే ఉంది. మరి ఈ చలి ఎక్కడిది? ఆ తీరాన గాలి, భూభ్రమణం కలిసి పైనీటిని ఒడ్డుకు దూరంగా నెట్టేస్తాయి. బావిలో పైనీరు తోడేస్తే అడుగునుంచి ఊట వచ్చినట్టు, లోతులోని చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితో పాటు అడుగునున్న సారమూ వస్తుంది గనుక అక్కడ చేపలకూ, నాచుకూ కరువు లేదు.

గాలికంటే నీరు మన ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకని 7 మిల్లీమీటర్ల మందం రబ్బరు తొడుగు, తలకు కుళ్ళాయి, చేతులకు మేజోళ్ళు. ఈ తొడుగు ఆలోచన 1952లో బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడిది. రబ్బరు నిండా సన్నని గాలి బుడగలుంటాయి, వెచ్చదనం వాటివల్లే. ఆ బుడగలే మనిషిని తేల్చేస్తాయి గనుక మునగడానికి నడుముకు సీసం కట్టుకోవాలి. చిన్నప్పుడు మునగకుండా ఉండేందుకు నడుముకు బెండు కట్టించుకున్నవాణ్ణి, మునిగేందుకు సీసం కట్టించుకున్నాను. కాలమహిమ!

పది మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలవుతుంది. అక్కడ బుడగలు సగానికి నలిగిపోతాయి. అంటే చలి పెరిగే చోటే తొడుగు పలచబడుతుందన్నమాట. మా కపిలబావుల్లో ఊపిరి బిగబట్టినవాడే మొనగాడు. ఇక్కడ బిగబట్టడం మహాపరాధం. కింద పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ ఉబ్బుతుంది; దాన్ని వదలకుండా పైకొస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి.

ఏమాట కామాటే చెప్పాలి, ఆ లోకం అందం మాటలకందదు. కెల్ప్ అనే నాచుజాతి తాటిచెట్లంత ఎత్తున అడవిలా నిలబడి ఉంది. అన్నీ అనుకూలిస్తే రోజుకు అడుగు పైనే పెరుగుతుందట. ఆకుల సందున ఎండ వాలి, మామిడితోట మధ్యాహ్నంలా ఉంది. ఎక్కణ్ణుంచో ఒక సీలు పిల్ల వచ్చి, నా కాలి బాతు పాదాన్ని ముట్టె ఆనించి చూసి వెళ్ళింది.

దిగి పద్నాలుగు నిమిషాలైంది. గడియారం చూశాను, సిలిండరులో సగం పైగా గాలి ఉంది. ఇంతలో మా మేనకోడలు బొటనవేలు పైకెత్తింది. మన వీధుల్లో అయితే ‘భేష్’ అని అర్థం. నీళ్ళ కింద దాని అర్థం ఒకటే: పైకి పోదాం. ‘ఎందుకు?’ అన్న సైగ లేదు. ‘ఇంకొక్క నిమిషం’ అన్న బేరం లేదు. ఎవరెత్తినా, చిన్నవాళ్ళైనా పెద్దవాళ్ళైనా, తక్కినవాళ్ళూ బొటనవేలెత్తి బయలుదేరాల్సిందే. శిక్షకుడు ఎత్తాడు, నేనూ ఎత్తాను. మెల్లగా వచ్చి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలాగి, తల పైకి పెట్టాము. ఆ పిల్ల పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

“తొడుగు వదులైంది మామా, లోపల నీళ్ళు ఆడాయి. నీకు దండగైంది కదా?” అంది.

“దండగేముందమ్మా, సీలు పిల్లను చూశానుగా” అన్నాను.

ఇంటికి వచ్చాక మా అక్క మాత్రం ఒప్పుకోలేదు. “అంత డబ్బు పోసి, ఇంత దూరం వచ్చి, పద్నాలుగు నిమిషాలకే వచ్చేశారా! ఇంకాసేపు ఓర్చుకోకూడదుటే?” అంది కూతురితో. మన ఇళ్ళలో ఎప్పుడూ వినపడే మాటే అది. పిల్ల వెనక్కి తగ్గితే పిరికిది. పెద్దవాడు తగ్గితే పరువు తక్కువ.

ఈ పరువుకు మా ఊళ్ళో ఒక ప్రాణం పోయింది. నేను ఏడో తరగతి చదివేటప్పుడు, వేసవి సెలవుల్లో, నా పక్క బెంచీవాడు బావి అడుగు మన్ను తెస్తానని పందెం కట్టాడు. మునిగేముందు గబగబా పదిసార్లు ఊపిరి తీశాడట. అలా తీస్తే ఎక్కువసేపు ఉండవచ్చని పిల్లల నమ్మకం. అసలు జరిగేదేమిటంటే, గాలి కావాలని ఒళ్ళు చేసే హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా స్పృహ తప్పుతుంది. గట్టుమీది పిల్లలు అంకెలు లెక్కపెట్టారట. వంద దాటితే చప్పట్లు కూడా కొట్టారట. వాడు మాకందరికంటే బాగా ఈదేవాడు.

వాడికి ఈత నేర్పినవారున్నారు, పందెం కట్టినవారున్నారు. ‘చాలు, పైకి పోదాం’ అనడానికి ఒక సైగ ఉంటుందనీ, అది ఎత్తితే ఎవరూ నవ్వరనీ చెప్పినవారు లేరు.

సముద్రాలకు వెళ్ళేవారు మనలో ఏ కొందరో. వేసవిలో బావికో, కాలువకో వెళ్ళే పిల్లలు మాత్రం ప్రతి ఇంటా ఉన్నారు. ఈత తప్పక నేర్పించండి. గట్టున ఈత వచ్చిన పెద్దవారొకరు లేకుండా దిగనివ్వకండి. మన్ను తెచ్చే పందేలు, మునిగేముందు గబగబ ఊపిర్లు మాన్పించండి. తోటిపిల్లలు దిగుతున్నా తాను దిగక ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి ‘భయపడ్డావా?’ అని అడక్కండి. ‘అన్నం తిందువు రా’ అనండి.