ప్యాకెట్ మీద బొమ్మ కాదు, మన కొండ మీద ముసురు చూడాలి



సెలవులకి ఊరెళ్లిన ప్రతిసారీ మేం వినే మాట ఒకటే. "టమాటా ఏపుగా వచ్చింది, నాలుగు రోజులు ముసురు పట్టింది, చేనంతా మాడిపోయింది." కొందరు దిష్టి అంటారు, కొందరు మందు కల్తీ అంటారు. ఎక్కువసార్లు అది లేట్ బ్లైట్ అనే తెగులు. ఆకు మీద నీళ్లు నానినట్టు మచ్చలొస్తాయి, కింద తెల్లటి బూజు, కాయ మీద గోధుమరంగు మచ్చ. 1845లో ఐర్లాండ్‌లో ఆలుగడ్డ పంటని తినేసింది కూడా ఇదే. ఆకు తడి ఆరకుండా, చల్లగా 15 నుంచి 20 డిగ్రీల్లో ఉంటే దానికి పండగే. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. వాన, మంచు కలిసినరోజుల్లో మన కొండల మీద ఉండేది సరిగ్గా అదే వాతావరణం.

మరి మనోళ్లు విత్తనం ఎలా కొంటన్నారు? సంతలో ప్యాకెట్ మీద ఎర్రటి కాయ చూసి. కొట్టువాడు ఇచ్చేది మైదానంలో బాగా అమ్ముడయ్యే రకం. అక్కడ భయం తెల్లదోమ, ఆకుముడత. మన భయం వేరు. బెంగళూరు ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ మంచి రకమే, కాదనం. కానీ అది తట్టుకునేది ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఎర్లీ బ్లైట్. లేట్ బ్లైట్ ఆ మూడింట్లో లేదు. అదే సంస్థ తెచ్చిన అర్క అభేద్ ఈ మూడింటితోపాటు లేట్ బ్లైట్‌ని కూడా తట్టుకుంటుంది. పేరు పెట్టి అడగాల్సింది దాన్ని. తట్టుకోవడం అంటే అసలు రాదని కాదు. కర్రలు కట్టాలి, ఎడంగా నాటాలి, ఆలుగడ్డ పక్కన వెయ్యకూడదు.

ఒక ఇబ్బంది ఉంది. అది హైబ్రిడ్. దాని కాయ నుంచి తీసిన విత్తనం మళ్లీ అలాగే రాదు, ఏటా డబ్బు పెట్టి కొనాలి. అందుకే అవ్వలు దాచుకున్న చిన్నకాయ నాటు టమాటాని వదలొద్దంటాం. సంతలో దానికి రేటు రాదు, నిజమే. కాయ చిన్నది కాబట్టి తొందరగా పండుతుంది, మంచి మొక్క చూసి విత్తనం మనమే తీసుకోవచ్చు. మొత్తం చేను ఒకే రకంతో నింపడం మాకు నచ్చదు.

ఐటీడీఏ గ్రీవెన్స్‌కి వెళ్లే తమ్ముళ్లు రోడ్డుతోపాటు ఇదీ అడగండి: ఏ రకమైనా ముందు మన కొండ మీద, వానాకాలంలోనే, మన రైతు చేలో వేసి చూపించాలి. ఎండాకాలం మైదానంలో కాసిన కాయ ఫొటో మాకొద్దు.

నారు పోసే టైంకి మీ ఊళ్లో నాటు విత్తనం ఎవరింట్లో ఉందో కనుక్కుని రాయండి.