ఎదుటివారి కళ్లల్లో కొట్టకుండా...

రాత్రిపూట మీరు కారులో వెళుతుంటే ఎదురొచ్చేవాళ్లు పదేపదే లైట్లు వెలిగించి ఆర్పుతున్నారా? 'మనవి డిమ్‌లోనే ఉన్నాయి కదా' అని విసుక్కోకండి. మీ హెడ్‌లైట్లు పైకి చూస్తున్నాయేమో! ఆ వెలుగు కళ్లల్లో పడితే స్కూటర్ మీద వచ్చేవారికి రెండు క్షణాలు దారి కనిపించదు. ప్రమాదానికి ఆ రెండు క్షణాలు చాలు.

దీన్ని ఇంటి దగ్గరే సరిచూసుకోవచ్చు. ముందు టైర్లలో గాలి సరిగా ఉండాలి. డిక్కీలో సామాన్లు తీసేయండి. వెనక బరువెక్కితే ముందు వెలుగు పైకి లేస్తుంది. చీకటి పడ్డాక చదునైన నేల మీద, గోడకు ఎదురుగా 25 అడుగుల దూరంలో కారు ఆపి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టండి. స్టీరింగు దగ్గర లైట్ల ఎత్తు మార్చే మీట ఉంటే సున్నాలో పెట్టండి. హెడ్‌లైటు బల్బు నేల నుంచి ఎంతెత్తులో ఉందో మీ కుట్టుమిషన్ టేపుతో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దముక్కతో అడ్డగీత గీయండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకు 2, 3 అంగుళాలు కిందుండాలి. ఎడమవైపు కాస్త పైకి లేస్తే కంగారు పడకండి. రోడ్డు పక్కన నడిచేవారు కనబడాలని చేసిన ఏర్పాటే అది.

తేడా ఉందా? లైటు వెనక ఎత్తు సరిచేసే స్క్రూ ఉంటుంది. అదెక్కడో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసి, గోడ వంక చూస్తూ కొద్దికొద్దిగా తిప్పండి. లైట్లు వాటంతటవే ఎత్తు మార్చుకునే కారైతే మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

ఎదురొచ్చే స్కూటరు మీద మనలాంటి ఇల్లాలే, ఒళ్లో పసిబిడ్డతో ఉండొచ్చు కదా!