పచ్చికలో పూలగడ్డలు: ఆకును ఉంచండి, పూలను పొందండి

ఈనాడు మన గ్రామాలలో పంచాయతీ కార్యాలయాల ముందు, పాఠశాలల ఆవరణలలో, కొందరు రైతుల ఇళ్ల ముంగిళ్లలోను పచ్చిక పెంచుట పరిపాటి అయినది. పచ్చిక కంటికి చల్లన. అయితే రోజూ నీరు పెట్టి, వారం వారం మిషనుతో కోయించి, ఏడాది పొడవునా డబ్బు ఖర్చు చేసినా దానిలో ఒక్క పువ్వు కానరాదు. ఆ లోటు తీర్చుకొనుటకు పలువురు బజారు నుండి పూలగడ్డలు తెచ్చి నాటుచున్నారు. మొదటి ఏడు నాలుగు పూలు పూయును. రెండవ ఏడు ఆకు మాత్రమే వచ్చును. మూడవ ఏటికి గడ్డయే ఉండదు. గడ్డలు నాసిరకమని అమ్మినవానిని నిందింతురు. నా అభిప్రాయములో తప్పు గడ్డది కాదు. రకమును ఎన్నుకొనుటలో కొంత, మిషను త్రిప్పుటలో ఎక్కువ ఉన్నది.

ఉల్లి మడి పెంచిన రైతుకు ఈ విషయము వేరే చెప్పనక్కరలేదు. కాడలు పచ్చగా ఉండగానే కోసివేసినచో గడ్డ ఊరునా? ఊరదు. పూలగడ్డకును అదే ధర్మము. గడ్డ గాదె వంటిది. ఆకు ఆ గాదెను నింపు పైరు వంటిది. ఈ ఏడు ఆకు తయారు చేసిన ఆహారమే గడ్డలో నిలువయై, వచ్చే ఏడు పువ్వుగా బయటికి వచ్చును. పూలు రాలగానే పచ్చికతో పాటు ఆకును కూడ నున్నగా గొరిగినచో గాదె నిండదు. రెండు మూడేండ్లలో గడ్డ చిక్కి నశించును.

చలిదేశాలవారు ఈ సంగతిని బాగుగా గ్రహించిరి. 1870లో విలియం రాబిన్సన్ అను తోటల నిపుణుడు ‘ది వైల్డ్ గార్డెన్’ అను గ్రంథములో గడ్డపూలను పచ్చికలోనే నాటి, వాటంతట అవి పెరుగునట్లు విడువవలెనని బోధించెను. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమందు మాడ్లిన్ కళాశాలకు చెందిన బీడులో ఏటా ఏప్రిల్ నెలలో ఫ్రిటిల్లరీ అను గడ్డపూలు విరగబూయును. పూలు ముగిసి విత్తనము రాలిన తరువాతనే అక్కడి దుప్పులను ఆ బీడులోకి మేతకు వదలుదురు.

మనము వారి పద్ధతిని నేర్చుకొనవలెను గాని వారి గడ్డలను తెచ్చుకొనరాదు. ట్యులిప్ గడ్డకు సుమారు 12 నుండి 16 వారాల గట్టి చలి తగిలిననే గాని పువ్వు సరిగా రాదు. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల పాదాన 2007లో ప్రారంభమైన ట్యులిప్ తోట వర్ధిల్లుటకు అక్కడి చలియే కారణము. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఆ చలి ఎక్కడ నుండి వచ్చును? అట్టి గడ్డలకు పంచాయతీ సొమ్ము వెచ్చించుట వృథా అని నా నిశ్చితాభిప్రాయము.

మన ఎండకు, మన వానకు తగినది వాన లిల్లీ. ఇది అమెరికా ఖండపు మొక్కయే అయినను మన నేలలో చక్కగా స్థిరపడినది. గులాబి, తెలుపు, పసుపు రంగులలో దొరకును. ఆకు గడ్డిపోచ వలె సన్నగా ఉండుటచే పచ్చికలో కలిసిపోవును. రోహిణి ఎండలకు ఎండిన నేలపై మృగశిర చినుకులు పడిన కొద్ది రోజులకే పూలు తలలెత్తును. నేల కొంత ఎండి, ఆ పిదప బాగుగా తడిసినప్పుడే ఇది విరివిగా పూయును. కావున రోజూ నీరు పెట్టుట దీనికి మేలు చేయకపోగా పూలను తగ్గించును. వేసవిలో ఊరి కుళాయికి నీరందని చోట్ల పచ్చికకు బోరు నీరు పారించు పెద్దలు ఈ మాటను ఆలోచింపవలెను.

నాటు పద్ధతి సులభము. వానలకు ముందు, పచ్చికలో నీరు నిలువని, ఎండ తగులు ఒక మూలను ఎన్నుకొనండి. గరిక దట్టముగా అల్లుకొన్న చోట గడ్డిని పెళ్లగా లేవదీసి, నేలను గుల్ల చేసి, చివికిన పశువుల ఎరువు కొద్దిగా కలపండి. 10 లేక 15 గడ్డలను ఒక గుంపుగా, 3 అంగుళాల ఎడముతో, 2 అంగుళాల లోతున నాటండి. యూరియా చల్లకండి, గరిక విజృంభించి లిల్లీని అణచివేయును. గడ్డిమందు అసలే వాడకండి. మే నెలాఖరున ఆ మూలను ఒకసారి పొట్టిగా కోసి, తరువాత మిషనును దూరముగా ఉంచండి. గరిక మరీ పెరిగినచో గుంపుల నడుమ కొడవలితో కోయించండి. సంక్రాంతి దాటి, ఆకు పసుపెక్కిన తరువాత మామూలుగా కోయవచ్చును. మూడు నాలుగేండ్లకు గుంపులు ఒత్తుగా అగును. అప్పుడు త్రవ్వి విడదీసినచో పక్క ఊరికి పంచుటకు సరిపడు గడ్డలు లభించును.

గడ్డి పెంచినచో పాములు చేరునని కొందరు అభ్యంతరము చెప్పుదురు. ఆ భయము అర్థము లేనిది కాదు. అందుకే పచ్చిక అంతటిని వదలమనుట లేదు. నడిచే దారి, గుమ్మము దగ్గర, పిల్లలు ఆడుకొను చోట యథాప్రకారము పొట్టిగా కోయించండి. పూల మూల గుమ్మానికి దూరముగా ఉండవలెను. దానిలో గడ్డిని జానెడు మించనీయరాదు.

మరొక హెచ్చరిక. వాన లిల్లీ గడ్డ చూచుటకు చిన్న ఉల్లిపాయ వలె ఉండును గాని విషపూరితము. పిల్లల నోటికి, పశువుల మేతకు తగులనీయకండి. త్రవ్వి పారవేసిన గడ్డలను పాతిపెట్టండి. కొండలలో పూయు అడవి నాభి గడ్డలోని కొల్చిసిన్ ప్రాణాంతకము. దానిని బడి ఆవరణలో నాటరాదు. అడవి ఉల్లి, అడవి నాభి వంటి వాటిని ముంగిలి అందము కొరకు కొండల నుండి పెకలించుట కూడ తగదు. వాటి చోట వాటిని పూయనీయండి.

ఈ మృగశిరకు ముందుగా ఒక్క మూలలో 100 గడ్డలు నాటి చూడండి. మిగిలిన పచ్చికను ఎప్పటివలెనే ఉంచండి. రెండేండ్ల పిదప కోతకూలి, నీరు, పూలు ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి లెక్క చూచుకొనండి. లాభమని తోచినచో రెండవ మూలకు విస్తరించండి.