కుక్కకి జీపీఎస్ సరే, గొలుసేదీ?

మా ముత్తంగిలో ఓ మిత్రుడు కుక్క మెడకి జీపీఎస్ బెల్టు కట్టి, "ఎక్కడున్నా ఫోన్లో కనబడుతుంది గురూ" అంటూ గేటు తీసి వదిలేస్తున్నాడు. లాగ్ రాస్తే బగ్ పోతుందా? సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కూడా చెప్పాలా!

ఆ బెల్టు ఉపగ్రహాల సిగ్నల్‌తో తన చోటు లెక్కగట్టి, లోపలి సిమ్ ద్వారా పంపుతుంది. బ్యాటరీ ఆదా కోసం అదీ ఆగి ఆగి. ఇక్కడేమో ఔటర్ రింగు రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి కలిసే చోటు. ఒకటే లారీలు. మ్యాపులో చుక్క కదలడం మానేశాక చూసి ఏం లాభం? దారినపోయే పిల్లాణ్ణి కరిస్తే రేబిస్ టీకా వేయించారో లేదో బెల్టు చెప్పదు.

బెల్టు వద్దనను. గొలుసు తెంచుకు పారిపోతే వెతకడానికి పనికొస్తుంది. అది బ్యాకప్పే గానీ కాపలా కాదు. ముందు టీకా, తర్వాత గొలుసు, ఆ తర్వాతే జీపీఎస్. కాదంటారా?